మూడు మిల్లీమీటర్ల వంపు

పోయిన వారం కడ్డీ ఎక్కడ ఇరుక్కుందో మనమూ అక్కడే ఆగాం. ఈ వారమే పత్రిక చేతికొచ్చినవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పుకుని ముందుకెళ్దాం.

డాక్టరమ్మ బండికి వెయ్యాల్సిన వెనక హౌసింగ్ బల్ల మీద పడుకుని ఉంది. హౌసింగ్ అంటే మరేం లేదు, వెనక చక్రాలు రెండింటినీ కలిపే ఇనప గొట్టం. మధ్యలో కుండలా ఉబ్బి ఉంటుంది, లోపల చక్రాల ఇరుసులు, అంటే షాఫ్టులు, తిరుగుతాయి. దారి లేని కొండల్లోకి వెళ్ళే బండికి మామూలుది చాలదని లారీది ఒకటి పట్టుకొచ్చారు. అది వెడల్పు ఎక్కువైంది. మన లేత్ అల్లుడు రెండు వైపులా నాలుగేసి అంగుళాలు కోసి, చివర్లు లేత్ యంత్రం మీద తిప్పి నునుపు చేసి, మళ్ళీ అతికించి, శుక్రవారం నాడు తిన్ననైన ఉక్కు కడ్డీ ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకి దూర్చి చూసుకున్నాడు. వెన్నలోకి వేలు దిగినట్టు దిగింది. శనివారం అతను బేరింగుల కోసం బజారుకెళ్ళిన పూట, బలం కోసం హౌసింగ్ వీపు మీద మందపాటి పట్టీ పడింది. ఇవాళ సోమవారం. అదే కడ్డీ ఆ చివరకి జానెడు దూరంలో ఆగి, ఇక కదలనని మొండికేసింది.

మధ్యాహ్నం రెండయింది. నాలుగింటికల్లా అతను ఊరవతల ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉండాలి.

అతను కడ్డీని వెనక్కి లాగాడు. నూనె రాశాడు. మళ్ళీ తోశాడు. బుజం ఆనించి తోశాడు. కడ్డీ అక్కడిదాకా బుద్ధిగా వచ్చి ఠంగుమని ఆగింది. కొలత గడియారం తెచ్చి ముల్లు ఆనించి చూస్తే మూడు మిల్లీమీటర్లు. రెండు చివర్లూ పైకి లేచి, మధ్య కిందికి దిగి, హౌసింగ్ అరటిపండులా వంగి కూర్చుంది. మూడు మిల్లీమీటర్లంటే పక్కింటివాడు నవ్వుతాడు. కానీ ఆ మూడింటికే షాఫ్టు ఏటవాలుగా తిరుగుతుంది, బేరింగుని నమిలేస్తుంది, ఏదో ఒక రోజు ఏదో ఒక కొండ వాలు మీద చక్రంతో సహా బయటికొచ్చేస్తుంది. డాక్టరమ్మ పాత బండి అలాగే ఒకచోట కూలబడితే రెండు రోజులు ఎవరూ రాలేదు. వెనక సీట్లో నొప్పులు పడుతున్న మనిషి ఉంది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఆ మాట చెప్పే ఆవిడ ఈ హౌసింగ్ పని వీళ్ళకి అప్పగించింది.

"ఛ!" అన్నాడు అల్లుడు, చేతిలో స్పానరుని బల్ల మీద పడేసి.

అతనికి ఇవాళ ఈ హౌసింగ్ ఒక్కటే అడ్డు. దీన్ని తిన్నగా చూపించి, డాక్టరమ్మ చేత సరేననిపించుకుని, సంచి తగిలించుకుని వెళ్ళిపోవాలి. బండి కింద బిగించే పని ఎవరైనా చేస్తారు. తొమ్మిదేళ్ళ నుంచి ఇల్లరికపు అల్లుడు. లేత్ మీద చెయ్యి తిరిగినవాడు కాబట్టి లేత్ అల్లుడు. వీధిలో అసలు పేరు అడిగిన పాపాన పోయినవాడు లేడు. ఉన్న ఇల్లు షెడ్డు వెనక రెండు గదులు. ఆ ఇంటికి ఇంకో గుమ్మం లేదు. నీళ్ళ బిందె తేవాలన్నా, క్షవరానికి వెళ్ళాలన్నా షెడ్డులోంచే నడవాలి. నడిస్తే మామగారు, ఈ షెడ్డు మేస్త్రి, తలెత్తకుండానే "ఎక్కడికి అల్లుడూ?" అంటాడు. తొమ్మిదేళ్ళుగా ఎక్కడికో చెప్పకుండా అతను ఒక్కసారి కూడా బయటికి వెళ్ళలేదు. కొత్తగా ఉద్యోగం దొరికిన ఫ్యాక్టరీలో సైరన్ మోగితే లోపలికి, మళ్ళీ మోగితే బయటికి. ఆ రెండో సైరన్ మీద ఆశ పడే అతను వెళ్తున్నాడు. చొక్కాకి తగిలించుకునే బిళ్ళ మీద తన పేరు కూడా ఉంటుందట. ఆరు నెలల తర్వాత క్వార్టర్స్ ఇస్తారు, అప్పుడు భార్య వస్తుంది. మూడు వారాల కిందట ఆ సంగతి చెప్పినప్పుడు ఆవిడ "వెళ్ళండి" అంది. ఆ తర్వాత ఇంకేం అనలేదు. మనవాడు దాన్ని అంగీకారం అనుకున్నాడు, మగవాళ్ళు అలాగే అనుకుంటారు.

లాంతరు లైటు దగ్గరికి లాక్కుని పట్టీ అంచున వెల్డింగ్ కుట్టు చూశాడు. ఎంత అందమైన కుట్టు! చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి ఒదిగి, ఒక్కటీ పక్కకి పోలేదు. ఆ చేతి కుట్టు చూసే దూరదూరాల నుంచి బళ్ళు వస్తాయి ఈ షెడ్డుకి. మేస్త్రి కుట్టు. బండి తెచ్చినవాడు కూడా దాని కిందికి దూరి, లైటేసి పక్కవాడికి చూపించే కుట్టు. చూస్తూ చూస్తూ ఉంటే అతని వేలు ఒకచోట ఆగిపోయింది.

కుట్టులో ఎక్కడా ఆగిన గుర్తు లేదు.

మేస్త్రి దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడూ మొట్టికాయలు తిని నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. నాలుగు వేళ్ళ మేర కుట్టు, ఆపు. అటు అంచుకి వెళ్ళి నాలుగు వేళ్ళు, ఆపు. ఇనుము మీద అరచెయ్యి ఆనేంత చల్లారేదాకా చేతులు కట్టుకు నిలబడు. మళ్ళీ నాలుగు వేళ్ళు. అలా వేస్తే ప్రతి నాలుగు వేళ్ళకీ చిన్న గుంట పడుతుంది, గోటికి తగులుతుంది. ఒకే ఊపున వేస్తే ఒక పక్కంతా కాలి, చల్లారేటప్పుడు ముడుచుకుని గొట్టాన్ని తన వైపుకి లాగేస్తుంది. ఈ కుట్టు ఈ చివర మొదలై ఆ చివరదాకా ఊపిరి తీసుకోకుండా పరుగెత్తింది. రెండో అంచూ అంతే. ఈ పద్ధతి పెట్టిన మనిషే దాన్ని ఎందుకు తప్పాడు?

"ఎక్కడిదాకా వచ్చింది అల్లుడూ?"

మేస్త్రి టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. గోడ వెంబడే నడుచుకుంటూ వచ్చి, బల్ల అంచు మోకాలికి తగిలాక ఆగాడు. అల్లుడు అది చూశాడు. ఏడాదిగా చూస్తూనే ఉన్నాడు, ఇవాళ్టిదాకా పట్టించుకోలేదంతే. "కళ్ళు లాగుతున్నాయి, నువ్వు చదువు" అని డ్రాయింగులు తన చేత చదివించుకోవడం. మరచుట్ల లెక్క గోటితో చూసుకోవడం. పనంతా తను బయటికెళ్ళిన పూటే అయిపోవడం. ఒక్కొక్కటే వచ్చి వరసలో నిలబడ్డాయి.

చెయ్యకూడని పని ఒకటి చేశాడప్పుడు.

"మామయ్యా, ఇదిగో, ఇక్కడ సుద్దతో గీత గీశాను. వంపు ఇక్కడే మొదలైంది. చూశారా?"

మేస్త్రి కళ్ళజోడు పైకి తోసుకుని వంగాడు. ఇనుము మీద ఊపిరి తగిలేంత దగ్గరగా వంగాడు.

"ఆఁ, చూశాలే. ఆ మాత్రం గీత కనపడదా నాకు?"

సుద్దముక్క అల్లుడి జేబులోనే ఉంది. గీత ఎక్కడా లేదు. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. వేలు పట్టుకుని లేత్ పట్టించిన మనిషిని పసివాణ్ణి ఏమార్చినట్టు ఏమార్చాడు. కానీ మాట బయటికొచ్చేసింది, ఇక దాచుకుని లాభం లేదు.

"గీత లేదు మామయ్యా," అన్నాడు నెమ్మదిగా.

టీ గ్లాసు బల్ల మీద పెట్టబోయి మేస్త్రి చెయ్యి గాల్లో కాసేపు వెతికింది. తర్వాత స్టూలు మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో పనివేళ ఆయన కూర్చోగా ఎవరూ చూసి ఎరగరు.

"ఎన్నాళ్ళయింది?" అన్నాడు అల్లుడు.

"ఎడమది పోయి రెండేళ్ళు. కుడిది... మనిషి ఎక్కడున్నాడో తెలుస్తుంది, మొహం తెలీదు. ఏళ్ళ తరబడి నిప్పుకేసి చూశానుగా, ఊరుకుంటుందా అది?" పెద్దాయన నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "అంచు మీద చెయ్యి జారించుకుంటూ వెయ్యగలను రా అల్లుడూ. కానీ ఆపకూడదు. ఆపానంటే మళ్ళీ ఆ చోటు దొరకదు. అందుకే ఆపలేదు. వంగుతుందని తెలుసు, ఇంత వంగుతుందనుకోలేదు."

అల్లుడు కడ్డీని తుడుస్తూ నిలబడ్డాడు. ఈ వంపు తియ్యొచ్చు. పట్టీ ఉన్నది పై వైపు కాబట్టి, కింది వైపు సరిగ్గా చూసి రెండు మూడు చోట్ల గ్యాసు టార్చితో ఎర్రగా కాల్చి వదిలేస్తే, చల్లారేటప్పుడు అది ముడుచుకుని గొట్టాన్ని మళ్ళీ తిన్నగా లాగుతుంది. ఎక్కడ కాల్చాలి, ఎంత ఎరుపు రాగానే తియ్యాలి అన్న విద్య ఈ ఊళ్ళో ఒక్కడికే వచ్చు. ఆ ఒక్కడికీ కళ్ళు లేవు. కళ్ళున్నవాడికి ఆ విద్య లేదు. ఇద్దరూ కలిసి కూర్చుంటే తప్ప ఈ హౌసింగ్ బాగుపడదు. కూర్చుంటే ఇదొక్కటే కాదు, రేపు వచ్చేదీ, ఎల్లుండి వచ్చేదీ అన్నీ కలిసే చెయ్యాలి. ఫ్యాక్టరీ గేటు అతని కళ్ళముందే నెమ్మదిగా మూసుకుపోతోంది.

"డాక్టరమ్మకి చెప్పేద్దాం మామయ్యా. రెండు రోజులు ఆగమందాం."

"చెప్పు. కానీ నా పేరు చెప్పకు." మేస్త్రి గొంతు గట్టిపడింది. "పట్టీ నువ్వే వేశావని చెప్పు. నువ్వెలాగూ పోతున్నావుగా. నీకేం పోయింది? నాకు కళ్ళు లేవని ఈ వీధికి తెలిసిన రోజున ఈ షెడ్డుకి తాళం పడుతుంది. నా కూతురికి అన్నం పెట్టేది ఈ షెడ్డే, నీ ఫ్యాక్టరీ కాదు. మీ క్వార్టర్స్ వచ్చేదాకా ఇంకా ఆర్నెల్లు."

"నాకేం పోయిందా?" అల్లుడికి ఒళ్ళు మండింది. "వాళ్ళు నన్ను తీసుకున్నదే చెయ్యి మంచిదని! డాక్టరమ్మ హౌసింగ్ వంచి పారిపోయినవాడంటే రేపు ఆ గేటు దగ్గర నా మొహం ఎవరు చూస్తారు? మీ పరువు మీకుంటే చాలా? నాకు వద్దా?"

"అరవకు. అమ్మడికి వినపడుతుంది."

వినపడనే వినపడింది. ఇంటివైపు గుమ్మంలో మేస్త్రి కూతురు నిలబడి ఉంది. చేతిలో అతని సంచి. బట్టలు మడతపెట్టి, జిప్పు వేసి, తీసుకెళ్ళడానికి సిద్ధంగా తెచ్చింది. అతను ఆవిడ వంక చూసి మొహంలో ఆశ్చర్యం కోసం వెతికాడు. లేదు.

"నీకు తెలుసన్నమాట," అన్నాడు.

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"నాన్న చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టుకున్న రోజు నుంచి."

"ఒక్క మాట నాకు చెప్పొచ్చు కదా! ఒకే మంచం మీద పడుకుంటున్నాం కదటే!"

"చెప్తే మీరేం చేసేవారు?" ఆవిడ గొంతు పెంచలేదు. "ఉండిపోయేవారు. పళ్ళు నూరుకుంటూ ఉండిపోయేవారు. ప్రతి పూటా నా మొహం చూసి నిట్టూర్చేవారు. అలా ఉండమని నేనెందుకు అడగాలి?"

నిజమే మరి, అలాగే చేసేవాడు. ఎటు చూసినా గోడే. నిజం చెబితే ముసలాయన్ని వీధిలో నిలబెట్టినట్టు. అబద్ధం చెబితే తన గొంతు తనే కోసుకున్నట్టు. ఏదీ చెప్పకుండా వెళ్ళిపోతే, కొండ మీద ఎవరో ఒక తల్లి. తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ లేనంత ఇరుకుగా అనిపించింది ఆ షెడ్డు. గోడలకి వేలాడే స్పానర్లన్నీ తన మీదకే చూస్తున్నట్టున్నాయి.

బయట స్కూటరు ఆగిన చప్పుడు. మూడింటికి రావాల్సిన డాక్టరమ్మ రెండున్నరకే వచ్చేసింది. పొట్టి మనిషి, పెద్ద అంగలు. ఏ వస్తువైనా తన కంటితో చూసుకుంటే తప్ప నమ్మని మనిషి. లోపలికి వస్తూనే బల్ల దగ్గరికి వెళ్ళి, కుట్టు మీద చెయ్యేసి మురిసిపోయింది.

"అబ్బ, ఎంత బాగా వచ్చింది మేస్త్రిగారూ!" అని, సగంలో ఆగిన కడ్డీని చూసింది. "ఇదేంటి, ఇక్కడ ఆగిందేం? ఆ చివర నుంచి బయటికి రావాలన్నారుగా పోయినసారి?"

ఆవిడ తనే కడ్డీ పట్టుకుని ముందుకి తోసింది. ఠంగుమంది. ఆవిడ మొహంలో మురిపెం చల్లగా జారిపోయింది.

"వంగింది కదూ?"

"వంగిందమ్మా," అన్నాడు మేస్త్రి. చూపు ఆవిడ మొహానికి కాస్త పక్కగా, వెనక గోడ మీద నిలిచింది. "వేడికి కాస్త లాగింది. తీసేస్తాం."

"కాస్త అంటారేంటి? నేనీ బండిలో మనుషుల్ని తీసుకెళ్తాను, సిమెంటు బస్తాలు కాదు! ఇంత చేతనైనవాళ్ళు ఎలా వంచారు దీన్ని? ఈ పట్టీ ఎవరు వేశారు?"

మేస్త్రి పెదవులు కదిలాయి. ఆయన కుడిచెయ్యి బల్ల అంచుని గట్టిగా పట్టుకుంది, వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. అల్లుడు ఆ చేతిని చూశాడు. తొమ్మిదేళ్ళ కిందట లేత్ దగ్గర భయంతో వణుకుతుంటే తన చేతి మీద వేసి "ఏం కాదు, తిప్పు" అన్న చెయ్యి అది. ఆయన మీద ఎంత కోపం ఉన్నా ఆ చెయ్యి అలా ఉండగా అతను చూడలేకపోయాడు.

"నేనేనమ్మా," అన్నాడు. "నేనే వేశాను. తొందరపడి ఆపకుండా వేశాను."

మేస్త్రి తల దించుకున్నాడు. గుమ్మంలో సంచి నేలకి ఆనిన చప్పుడైంది.

డాక్టరమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. గోడవారనున్న కుర్చీ లాక్కుని బల్లకి ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"వేసినవాడివి నువ్వే కాబట్టి తీసేవాడివీ నువ్వే. ఎల్లుండి తెల్లారేసరికి నేను కొండెక్కాలి, అక్కడ ఏడుగురు కనిపెట్టుకుని ఉన్నారు. మొదలుపెట్టు. నా ఎదురుగా చెయ్యి, నేను కదలను. మేస్త్రిగారూ, మీరు చెయ్యి పెట్టకండి. తప్పు చేసినవాడే దిద్దుకోవాలి."

"అమ్మా, నాకు నాలుగింటికి..."

"నాలుగింటికి ఏముంది?"

ఏం చెప్తాడు? పారిపోతున్నానని చెప్తాడా? టార్చి తీసుకున్నాడు. గ్యాసు తిప్పాడు. ఎక్కడ కాల్చాలో తెలియదు. తెలిసిన మనిషి రెండడుగుల దూరంలో నోరు కుట్టేసుకుని కూర్చున్నాడు. తప్పుచోట కాలిస్తే మూడు కాస్తా ఆరవుతుంది, హౌసింగ్ ఇక ఇనప సామాను కింద పడెయ్యడమే. అగ్గి వెలిగించాడు. నీలం మంట బుస్సుమని లేచింది.

"ఆపండి."

మేస్త్రి కూతురు బల్ల దగ్గరికి వచ్చింది. అతని చేతిలో టార్చి తీసుకుని మంట ఆర్పేసింది. గ్యాసు మర చూడకుండానే కట్టేసిన తీరు చూసి డాక్టరమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. అల్లుడివీ ముడిపడ్డాయి.

"ఆయన వెయ్యలేదు డాక్టరమ్మా. శనివారం ఆయన షెడ్డులోనే లేరు, బేరింగుల కోసం బజారుకెళ్ళారు."

"అమ్మడూ!" మేస్త్రి లేచాడు. స్టూలు వెనక్కి పడిపోయింది. "నోరు ముయ్యి! నేను చెప్పుకుంటాను, నేనే వేశానమ్మా, నాకు కళ్ళు..."

"నాన్న కూడా వెయ్యలేదు. ఆయన నన్ను కాయడానికి ఆ మాట అంటున్నారు." ఆవిడ ఎవరి వంకా చూడలేదు, కుట్టు వంకే చూస్తోంది. "ఏడాదిగా ఈ షెడ్డులో మేస్త్రి కుట్టు అని మీరందరూ మెచ్చుకుంటున్నది నాది. చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్నదే. మా ఆయన బయటికెళ్ళిన పూటల్లా నేనే వేస్తున్నాను. ఇదీ నేనే వేశాను."

అల్లుడు వంగి మళ్ళీ చూశాడు. అంత అందమైన కుట్టు. తను వేలు పెట్టి చూసి మురిసిన కుట్టు. రోజూ తనకి కంచం పెట్టే చేతిది.

"పోనీలే అమ్మా, నేర్చుకునేవాళ్ళకి తప్పులు మామూలే," అంది డాక్టరమ్మ, మెత్తబడి. "ఆపాలని తెలియక ఆపలేదు, అంతే కదా?"

మేస్త్రి గబగబా తలూపాడు. అవునని చెప్పు, అవునని చెప్పు అన్నట్టు కూతురి గొంతు వినపడిన వైపుకి చెయ్యి చాపాడు. ఆవిడ ఆ చెయ్యి అందుకోలేదు. అప్పుడు తలెత్తి, తొమ్మిదేళ్ళలో మొదటిసారి చూస్తున్నట్టు మొగుడి కళ్ళల్లోకి సూటిగా చూసింది.

"నాలుగు వేళ్ళకొకసారి ఆపాలని నాకు ఆరేళ్ళప్పట్నించి తెలుసు," అంది. "ఆపకుండా వేస్తే వంగుతుందనీ తెలుసు. వంగాలనే వేశాను. ఇది తిన్నగా ఉంటే ఇవాళ మీరు వెళ్ళిపోతారు కదండీ."